జోయల్ అమ్ముకున్న షేర్లు

బెళుగుప్పలో అందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది. వేదవతి టెలివిజన్ కంపెనీ బేరం చెడిపోతుందని కేబుల్ జోయల్‌కు ముందే తెలుసు. తెలిసినవాడు తన షేర్లన్నీ మంచి ధరలో ఉండగానే అమ్ముకున్నాడు. ఊరికి మాత్రం ఒక్క మాటైనా చెప్పలేదు.

ఈ సంగతికి ఊరి దగ్గర ఆధారాలు కూడా ఉన్నాయి. బేరం చెడటానికి కొద్ది రోజుల ముందు జోయల్ హైదరాబాదు వెళ్లివచ్చాడు. బేరం చెడిన కొన్నాళ్లకే కాలనీలోని అతని ఇంటికి స్లాబు పడింది. కాలనీలో ఒక ఇంటికి స్లాబు పడితే కారణం అడిగే అలవాటు ఊరికి ఉంది. ఊరిలో పడే స్లాబులకు కారణం అడిగే అలవాటు లేదు. ఇక మూడవ ఆధారం అన్నిటికంటే గట్టిది. ఆ మాట రామాంజులు సారు కూడా అన్నాడు.

రామాంజులు సారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన మనిషి. దేవుడి పేరు పెట్టుకుని దేవుడు లేడంటాడని ఊరివాళ్లు ఆయనను ఆటపట్టించేవారు. పేరు పెట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు గదా అని ఆయన నవ్వేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తూ, కాయ నిలువుగా లేచిన చోట బోరు వేయమని చెప్పేవాళ్లు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. సారు వాళ్లను తిట్టలేదు. కళ్లకు గంతలు కట్టి అదే పొలంలో మళ్లీ నడవమనేవాడు. కాయ ఈసారి మరోచోట లేచేది. జనం నవ్వితే వాళ్లను వారించి, ఆ కాయవాడికి టీ ఇప్పించి పంపేవాడు. చేతబడి అన్నా, దయ్యమన్నా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్తే విన్నావా?" ఆ ప్రశ్న ముందు చాలా సంగతులు నిలబడలేదు. కాబట్టి ఆయన నోటి నుంచి వచ్చిన మాటకు ఊరిలో విలువ ఉండేది.

షేర్ల వ్యవహారం మొదలైంది కూడా ఆ విలువ మీదే.

వేదవతి టెలివిజన్‌కు ఒక వార్తల చానల్, ఒక పాటల చానల్, నాలుగైదు జిల్లాలలో కేబుల్ పంపిణీ ఉండేవి. జోయల్ బెళుగుప్పలో ఇచ్చిన కనెక్షన్లన్నీ ఆ కంపెనీవే. ఆ కంపెనీని కొంటామని ముంబయికి చెందిన ఒక పెద్ద సంస్థ ప్రకటించింది. మరికొన్ని రోజులకు చెన్నై సంస్థ ఒకటి అంతకంటే ఎక్కువ ఇస్తామన్నది. ముంబయివారు మళ్లీ పెంచారు. పెంచిన ప్రతిసారీ షేరు ధర ఎగబాకింది. ఎరువుల వ్యాపారి వీరభద్రయ్య అంగడిలో గోడ టీవీ ముందు జనం క్రికెట్ చూసినట్టు ఆ పోటీని చూడసాగారు. ఆయన కొడుకు భరత్‌కుమార్ అప్పటికే ఫోన్‌లో షేర్లు కొని అమ్ముతుండేవాడు. ఆధార్, పాన్ కార్డులు తెచ్చినవాళ్లకు అక్కడికక్కడే ఖాతా తెరిచిపెట్టేవాడు. అయినా ఎవరూ ముందుకు రాలేదు. అది జూదమని అందరి అనుమానం.

అనుమానం తీర్చింది రామాంజులు సారు.

"ఏమప్పా, మన పంచాయతీ చింతచెట్ల పాట ఎట్ల జరుగుతాదో మీకు తెలీదా?" అని ఆయన అడిగాడు.

తెలియనివారు అక్కడ లేరు. రోడ్ల పక్కన, చెరువు కట్ట మీద ఉన్న చింతచెట్ల కాపును పంచాయతీవారు ఏటా వేలం వేస్తారు. రాయదుర్గం నుంచి, చెళ్లకెర నుంచి వ్యాపారులు వస్తారు. పాడేవాడు ముందుగా ధరావతు కట్టాలి. చివరి పాట పాడినవాడు కాపును తీసుకుని తీరాలి. కాదంటే ధరావతు పోతుంది, మరుసటి ఏడు అతన్ని పాటలో కూర్చోనివ్వరు.

"పంతం బట్టి ఇద్దరు పాడినాక, చెట్లు అమ్ముడుపోకుండా మిగిలినాయా ఎప్పుడన్నా?"

"యాడ మిగుల్తాయి సారూ? ఒగని కాకపోతే ఇంగొగనికి పోతాయి" అన్నాడు వీరభద్రయ్య.

"ఇదీ అంతే. ముంబయి వాడు గెలిచినా, చెన్నై వాడు గెలిచినా మనకు భేదం లేదు. గెలిచినోడు మన షేర్లు గూడా ఆ ధరకే కొంటాడు, ఇద్దరూ అట్లనే చెప్పినారు. ఆ ధరకూ, ఈ పొద్దు మార్కెట్లో దొరికే ధరకూ మధ్య సందు ఉండాది చూసినారా? జనానికి తర్కం తెలీక వదిలేసిన సందు అది. దీంట్లో అదృష్టమనేది ల్యా. ఇది లెక్క."

గుంపు చివర నిలబడిన హనుమక్క ఆ మాటలు విన్నది. ఆమె కూలికి పోతూ, నాలుగు పొట్టేళ్లు మేపుకునే మనిషి. తన చెలకలో కాయవాడు చూపిన చోట బోరు వేయబోతుండగా వద్దని ఆపింది సారే. ఆ పక్క పొలంలో అదే కాయవాడు చూపిన బోరులో దుమ్ము తప్ప మరేమీ రాలేదు. అందుకని ఆమెకు సారు మాట మీద గురి.

"సారూ, బోరుకని దాపెట్టిన దుడ్లు అట్లే ఉండాయి. దీంట్లో పెట్టొచ్చునంటావా?"

"లెక్క సరిగ్గానే ఉండాది హనుమక్కా" అన్నాడాయన.

ఆమె పెట్టింది. వీరభద్రయ్య పెట్టాడు. ఇంకా చాలామంది పెట్టారు. సారు తన పింఛను మిగులులో సింహభాగం పెట్టాడు.

చెన్నై సంస్థ తప్పుకున్నది. ముంబయి సంస్థ గెలిచిందని వార్త వచ్చింది. అంగడిలో మిఠాయి పంచారు. తరువాత గెలిచిన సంస్థ వేదవతి పద్దులను పరిశీలించడం మొదలుపెట్టింది. కొంతకాలానికి, పరిశీలనలో తేలిన విషయాల దృష్ట్యా ఒప్పందం నుంచి విరమించుకుంటున్నామని పొడిగా ఒక ప్రకటన చేసింది. వెళ్లిపోయిన చెన్నైవారు తిరిగి రాలేదు. షేరు పోటీకి ముందున్న ధరకంటే కూడా కిందికి పడిపోయింది.

ఆ సాయంత్రం రామాంజులు సారు తన తప్పు ఎక్కడ ఉందో కనిపెట్టాడు. కనిపెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. అదే ఆయనను ఎక్కువ బాధించింది. చింతచెట్ల వ్యాపారి ముందు చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మ వంచి, కాయ విరిచి చూసి, ఆ తరువాత పాడతాడు. కంపెనీలను కొనేవారు ముందు పాడి, తరువాత కాయ విరిచి చూస్తారు. నచ్చకపోతే చెట్టు కింద నుంచి లేచిపోతారు. ఆయన లెక్కలో అడుగులన్నీ సరైనవే; తలకిందులైనది మొదటి అడుగు ఒక్కటే.

దానికంటే సిగ్గుపడవలసినది మరొకటి ఉంది. ఇస్తామన్న ధరకూ మార్కెట్ ధరకూ మధ్య ఉన్న ఆ సందు తర్కం తెలియని జనం వదిలేసినది కాదు. ఈ బేరం జరగకపోవచ్చునని వేలమంది పడిన అనుమానం అది. ఆ అనుమానమే అంకె రూపంలో ప్రతిరోజూ ఆయన కళ్లముందు నిలబడింది. జీవితమంతా అనుమానించడం నేర్పిన మనిషి, అనుమానం ఎదురుగా వచ్చి నిలిస్తే దాన్ని ఇతరుల అజ్ఞానంగా లెక్కగట్టాడు.

మరునాడు ఆయన అంగడికి వెళ్లాడు. వెళ్లకపోతే పారిపోయినట్టవుతుందని వెళ్లాడు. అందరూ తనను అడుగుతారనీ, చింతచెట్ల సంగతి ఒప్పుకోవాలనీ దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. కానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడిగిన ప్రశ్న వేరు.

"సారూ, ఆ కంపెనీ తీగ పట్టుకొని తిరిగేటోడు జోయలు. వానికి తెలీకుండా ఉంటాదా? మొన్ననే గదా హైదరాబాదు పోయొచ్చినాడు" అన్నాడు వీరభద్రయ్య.

"షేర్లు ఉండినాయంటనా వానికి?" అని ఒకరు.

"ఉండకుండా ఎట్లుంటాయప్పా, కంపెనీ మనిషి గదా! సారూ, నువ్వు చెప్పు. తెలిసుంటాదా, తెలిసుండదా?" అన్నాడు వీరభద్రయ్య.

అందరి ముఖాలూ ఆయనవైపు తిరిగాయి. ఆ ముఖాలలో తన మీద కోపం లేదని ఆయన గమనించాడు. జోయల్‌కు ముందే తెలిసి ఉంటే, తన లెక్క తప్పు కాదు. లెక్కను ఎవరో దొంగచాటున చెడగొట్టారని అర్థం. "నువ్వు చూసినావా?" అనే ప్రశ్న ఆయన నాలుక చివర ఉంది. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్న ప్రశ్న. ఆయన దాన్ని అడగలేదు.

"తెలిసుండే అవకాశాన్ని కొట్టిపారేయలేం" అన్నాడు.

శాస్త్ర పద్ధతిలో ఆ వాక్యానికి వంక పెట్టలేము. ఏ అవకాశాన్నీ ఆధారం లేకుండా కొట్టిపారేయకూడదని ఆయనే పిల్లలకు పాఠం చెప్పాడు. ఆ వాక్యం అంగడి మెట్లు దిగేలోపే, "సారే చెప్పినాడు" అయింది.

ఆ తరువాత ఊరు తన పని చేసింది. మొదట నెలవారీ రుసుము ఇవ్వడం మానేశారు. తరువాత కేబుల్ తీగలు పీకి వీధిలో పారేసి, ఇంటికప్పుల మీద డిష్‌లు పెట్టించుకున్నారు. జోయల్ భార్య కృపాకుమారి దగ్గర రవికలు కుట్టించుకునేవాళ్లు కుట్టని గుడ్డలను వెనక్కి తీసుకుపోయారు. రామాంజులు సారు తన ఇంటి కనెక్షన్‌ను ఉంచుకున్నాడు. రుసుము సకాలంలో ఇచ్చాడు. అది న్యాయంగా ఉండటమని కొన్నాళ్లు తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఒక ఉదయం జోయల్ ఆయన ఇంటికి వచ్చాడు. భుజాన తీగచుట్ట ఉంది. పీకేసిన తీగలను ఏరుకుంటూ వస్తున్నట్టుంది. లోపలికి రమ్మన్నా అరుగు మీదే కూర్చున్నాడు.

"కల్యాణదుర్గం ఆయన ఒగాయన నా లైను అడుగుతాండాడు సార్, అగ్గువకు. ఇచ్చేసి బెంగళూరు పోతే, అపార్ట్‌మెంట్లో సెక్యూరిటీ పని ఇప్పిస్తానని మా బావ చెప్పినాడు. ఇంగా ఊ అనల్యా నేను."

"పోవాలని ఉండాదా నీకు?"

"యాడుంది సార్? ఈ తీగలన్నీ నా చేత్తో గుంజినవే. పనికని పోతే బాధ లేదు. దొంగ అనిపించుకొని పోవాల్సొస్తాంది." తీగచుట్టను కింద పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మీరు ఒగసారి అంగడికాడికి వచ్చి ఒక మాట అడగండి సార్. మీరు అడుగుతారే, చూసినావా, విన్నావా అని. అది చాలు. ఊరంతా నమ్మినా మీరు నమ్మరని కృపాకు చెప్పినా."

సారు అరుగు మీది దుమ్మును చేత్తో దులిపాడు.

"మీ పేరు గూడా వాడుకుంటాండారు సార్. సారే చెప్పినాడంట, అంటాండారు. నేను నమ్మల్యా. మీ దగ్గర చదువుకున్నోన్ని గదా, మీరేందో నాకు తెలీదా?"

రామాంజులు సారు తన చేతి గోళ్లను పరిశీలించాడు. మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు లోపలే ఉన్నాడు. తిరిగి వచ్చి, "వస్తాలే జోయలూ" అన్నాడు. "ఎప్పుడొస్తారు సార్?" అని జోయల్ అడిగితే "రెండు దినాల్లో" అన్నాడు.

జోయల్ కూర్చున్నంతసేపూ ఆయన ఒక్క ప్రశ్న అడిగి ఉండవచ్చు: నువ్వు షేర్లు అమ్మినావా? అడగలేదు. అమ్మలేదని అతను చెబితే, ఆ ఊరిలో తప్పు చేసిన మనిషి ఒక్కడే మిగులుతాడు.

రెండు రోజులలో ఆయన వెళ్లలేదు. మోకాలు నొప్పి అన్నాడు. నొప్పి ఉన్న మాట నిజమే. ఆ తరువాత అనంతపురంలో పింఛనుదారుల సమావేశం వచ్చింది; సమావేశం జరిగిన మాటా నిజమే. మూఢనమ్మకాల మీద ఆయన అక్కడ మాట్లాడాడు కూడా. చప్పట్లు పడ్డాయి. తిరుగు బస్సులో పక్క సీటు మనిషి, గార్లదిన్నె దిక్కున ఎవరో కేబుల్ వాడు ఊరిని ముంచి కోట్లు చేసుకున్నాడంటనే, అని కథ మొదలుపెట్టాడు. ఊరి పేరు మారింది. స్లాబు మేడగా మారింది. "నువ్వు చూసినావా?" అని అడిగాడు సారు. "చూసేదేముందన్నా, అదెవరో సైన్సు అయ్యవారు లెక్క గట్టి నిరూపించినాడంట" అన్నాడతను.

మరునాడు ఉదయమే ఆయన అంగడికి వెళ్లాడు. విత్తనాల అదను, అంగడి నిండా జనం. జోయల్‌ను పిలిపించమన్నాడు. జోయల్‌తో పాటు కృపాకుమారి కూడా వచ్చింది.

"జోయలు మీద వచ్చిన మాట ఉండాదే, దాన్ని ఎవరు చూసినారు?" అని సారు అడిగాడు.

వీరభద్రయ్య నవ్వాడు. "బాగుంది సారూ! చెప్పింది నువ్వే గదా!"

జోయల్ చప్పున సారువైపు చూశాడు.

"అవును. అన్నది నేనే" అన్నాడు సారు. "నాకేమీ తెలీకుండానే అన్నా. చింతచెట్ల లెక్క చెప్పి మీతో దుడ్లు పెట్టించింది నేను. ఆ లెక్క తప్పు. ఆ తప్పు నా మీదికి రాకుండా ఉంటాదని, ఇంగొకని మీదికి పోతాంటే చూస్తా ఉండిపోయినా."

గుంపులోంచి హనుమక్క ముందుకు వచ్చింది.

"నీ మాట విని బోరు దుడ్లు మిగుల్చుకుంటి. నీ మాట వినే ఆ దుడ్లు పోగొట్టుకుంటి. ఆ పొద్దు అట్ల చెప్పి ఈ పొద్దు ఇట్ల చెప్తాండావు. ఇప్పుడు ఏది నమ్మాల సారూ నేను?"

"నన్ను నమ్మొద్దు హనుమక్కా. చూసి నమ్ము." ఆయన భరత్‌కుమార్ వైపు తిరిగాడు. "ఊర్లో షేర్లు కొన్నోళ్లందరికీ ఖాతా తెరిచింది నువ్వే గదా. జోయలుకు తెరిచినావా?"

"ల్యా సార్. వాడు మన మాదిరి ఫోన్లో కొనేదేంది? కంపెనీలోనే నేరుగా కొన్నాడంట గదా."

"యాడ కొన్నా పాన్ నంబరు మీదే కొనాల. ఆ నంబరు మీద ఎప్పుడన్నా, యాడన్నా షేర్ల ఖాతాకని నమోదైనాదా లేదా, నీ ఫోన్లో తెలుస్తాది గదా?"

"తెలుస్తాది సార్."

సారు జోయల్ వైపు చూశాడు. జోయల్ కదలలేదు.

"మీరు గూడా చూడాల్నా సార్?" అన్నాడు మెల్లగా.

"నేను చూసేకి కాదు..." అని సారు మొదలుపెట్టి ఆపేశాడు. ఆ వాక్యానికి నిజమైన ముగింపు ఆయన దగ్గర లేదు.

"చూపించబ్బా" అన్నది కృపాకుమారి. "ఆ అయ్యవారు కాయోళ్లకు గంతలు గట్టి నడిపిస్తాడు గదా, మనల్ని గూడా నడిపించనీ. గంతలొగటే తక్కువ."

జోయల్ జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. భరత్‌కుమార్ అంకెలు కొట్టాడు. సిగ్నల్ సరిగ్గా లేదు. ఫోన్ తెరపై చిన్న చక్రం తిరగసాగింది. అందరూ ఆ చక్రాన్నే చూస్తున్నారు.

రామాంజులు సారు కూడా చూశాడు. చూస్తూ, తన మనసులో ఒక కోరిక కదలడం గమనించాడు. ఖాతా ఉండాలి. ఎక్కడో ఒకచోట జోయల్ పేరు మీద ఒక ఖాతా, అందులో అమ్ముకున్న షేర్లు ఉండాలి. ఉంటే తన లెక్క తప్పు కాదు. హనుమక్క ముఖంలోకి మళ్లీ చూడవచ్చు. ఆ కోరిక వచ్చి పోయేది కాదు. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. పక్కన కృపాకుమారి చూపు తన ముఖం మీదే ఉందని ఆయనకు తెలిసింది. ఆమె అది చదివిందేమో ఆయనకు తెలియదు. ఆయన తల దించుకున్నాడు.

"నమోదు ల్యా" అన్నాడు భరత్‌కుమార్. "ఈ నంబరు మీద ఎప్పుడూ, యాడా ల్యా."

"పెండ్లాం పేరు మీద కొనింటాడు" అని వెనుక నుంచి ఎవరో అన్నారు.

కృపాకుమారి తన కార్డు కూడా బల్ల మీద విసిరింది. చక్రం మళ్లీ తిరిగింది. మళ్లీ అదే సమాధానం వచ్చింది.

"మరి హైదరాబాదు యాల పోయినావప్పా?" అన్నాడు వీరభద్రయ్య. ఆ గొంతులో ఈసారి పట్టు లేదు.

"కంపెనీవోళ్లు కేబులోళ్లందరినీ పిలిచినారన్నా, నెల రేటు పెంచమని. ఆడ మాకు టీ గూడా ఇయ్యల్యా. ఇంగ స్లాబంటావా, అది గవర్నమెంటు ఇల్లు. ఆగిపోయిన బిల్లు అప్పుడొచ్చింది."

హనుమక్క జోయల్ మోచేయి పట్టుకుంది. "నా తీగ మళ్ల పెట్టప్పా జోయలూ. ఆ డిష్ గొడుగు పీకేస్తా."

"కల్యాణదుర్గం ఆయన పెడతాడక్కా" అన్నాడు జోయల్. "మొన్న సంతకం పెట్టేసినా. సారు రెండు దినాల్లో వస్తానంటే, వారం దాకా చూసినా."

అతను కార్డులు రెండూ తీసుకుని, ఒకటి భార్యకు ఇచ్చి, మెట్లు దిగాడు. సారు అతన్ని పేరు పెట్టి పిలిచాడు. జోయల్ ఆగాడు గాని వెనక్కి తిరగలేదు. కొంచెం ఆగి జోయల్ నడిచి వెళ్లిపోయాడు.

అతనికి ముందుగా తెలిసింది ఏమీ లేదు. బేరం చెడిన వార్తను అతను కూడా టీవీలోనే చూశాడు. వేదవతి టెలివిజన్‌లో గాని, మరే కంపెనీలో గాని, జోయల్ ఏనాడూ ఒక్క షేరు కూడా కొనలేదు.